కొండెక్కిన ధరలు: ఏజెన్సీ మండలాల ఉద్యోగుల సర్వసభ్య సమావేశం తీర్మానం

పాడేరు, రంపచోడవరం, చింతూరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థల (ఐటీడీఏల) పరిధిలో పనిచేస్తున్న ప్రభుత్వ ఉద్యోగులు, ఉపాధ్యాయులు, వైద్య సిబ్బంది, గ్రామ సచివాలయ సిబ్బంది, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో ఉన్నవారు కలిసి జరుపుకున్న ఈ సర్వసభ్య సమావేశం, మారుమూల ప్రాంతాల జీతభత్యాలను అక్కడి జీవన వ్యయానికి తగ్గట్టు సవరించాలన్న అంశాన్ని ఉదయం నుంచి పొద్దు వాలేదాకా చర్చించి, ఈ తీర్మానాన్ని ఆమోదించింది. కోరికలకంటే ముందు కారణాలు రాయాలని సమావేశం నిర్ణయించింది. కారణం చెప్పని కోరిక సచివాలయం మెట్లెక్కేలోపే అరిగిపోతుందని మాలో సీనియర్ల అనుభవం.

సమావేశం గమనించిన విషయాలు

ధరలు కొండెక్కాయి అని పత్రికలు రాస్తే మైదానంలో చదివేవాళ్లకు అది మాటవరస. ఇక్కడ అది రోజూ జరిగే పని. నూనె డబ్బా, గుడ్ల అట్ట, గ్యాస్ బండ, సిమెంటు బస్తా, మందుల పెట్టె అన్నీ నర్సీపట్నం నుంచో రాజమండ్రి నుంచో బయల్దేరి, ఘాట్ రోడ్డు ఎక్కి, మండల కేంద్రంలో దిగి, అక్కణ్నుంచి సర్వీసు జీపు మీద ఇంకో ఊరికి, ఆ పైన మనిషి భుజం మీద ఇంకో కొండకు చేరతాయి. ప్రతి మజిలీలోనూ సరుకు ఒక చెయ్యి మారుతుంది. మారిన ప్రతి చేతికీ ఎంతో కొంత ముట్టజెప్పాలి. ఆ ముట్టజెప్పినది ఏ జీతం స్లిప్పులోనూ కనపడదు.

స్లిప్పులో కనపడేది కరువు భత్యం, అంటే డీఏ. దాన్ని లెక్కగట్టే పద్ధతిని సమావేశం కాస్త ఓపిగ్గా పరిశీలించింది. ‘డీఏ ఇస్తున్నాం కదా, ఇంకేమిటి?’ అన్న జవాబు మాకు చాలాసార్లు వచ్చింది గనక. కేంద్ర కార్మిక శాఖ కింద పనిచేసే లేబర్ బ్యూరో, పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీని నెలనెలా ప్రకటిస్తుంది. డీఏకు అదే మూలం. 2016 ఆధార సంవత్సరంగా ఉన్న ఆ సూచీకి దేశంలోని 88 పారిశ్రామిక కేంద్రాల్లో 317 మార్కెట్ల నుంచి ధరలు సేకరిస్తారు. మన రాష్ట్రం నుంచి విశాఖపట్నం, గుంటూరు లాంటి పట్టణాలు అందులో ఉన్నాయి. కార్మికుల కోసం కట్టిన సూచీ కాబట్టి కార్మికులున్న ఊళ్లే చూశారు, అందులో తప్పు పట్టేదేమీ లేదు. తూకంలో ఆహారానికి 39.17 శాతం, నివాసానికి 16.87 శాతం, వంటచెరకు, దీపాలకు 5.50 శాతం అని వేసింది కూడా కార్మికవాడల కుటుంబాల్ని చూసే. ఏ కొండ మండలం సంతా ఆ జాబితాలో లేదు.

అయితే మా సంత ఒకటి ఆ జాబితాలో చేరినంత మాత్రాన లెక్క తేలదని సమావేశం స్పష్టంగా చెప్పదలచుకుంది. మాలోనే చాలామంది ఇక్కడ పొరబడుతున్నాం. డీఏ కొలిచేది నిన్నటి ధరకూ ఇవాళ్టి ధరకూ మధ్య తేడా. కొండ కింది ధరకూ కొండ పై ధరకూ మధ్య తేడా దానికి పట్టదు. విశాఖలో పప్పు ధర పది శాతం పెరిగి, పెదబయలులోనూ పది శాతమే పెరిగిందనుకోండి. డీఏ దృష్టిలో రెండూళ్లూ సమానం. పెదబయలులో మొదటి నుంచీ ఎక్కువ పెట్టి కొంటున్నారన్న సంగతి ఆ లెక్కలోకి రానే రాదు. కేంద్రం పెంచిన ఒక్కో శాతానికి మన రాష్ట్ర స్కేళ్లలో 0.91 శాతం వస్తోంది. ఆ 0.91 విశాఖ కలెక్టరేట్ దగ్గర అద్దెకున్న ఉద్యోగికీ, గాలివాన కొడితే రెండు రోజులు కరెంటు రాని ఆశ్రమ పాఠశాల మాస్టారికీ ఒకటే. కాలం తెచ్చిన కరువుకు భత్యం ఉంది. దూరం తెచ్చిన కరువుకు లేదు.

ఇక ఇంటద్దె భత్యం. ఇది తలకిందులుగా ఉంది. 2022 వేతన సవరణ ప్రకారం జనాభా 50 వేలలోపు ఉన్న ఊళ్లలో మూలవేతనం మీద 10 శాతం, 50 వేల నుంచి 2 లక్షల దాకా 12 శాతం, 2 లక్షలు దాటిన పట్టణాల్లో 16 శాతం. ఊరు చిన్నదైతే అద్దె చవక అన్న నమ్మకం దీని వెనక ఉంది. కోనసీమలో పల్లెకూ పట్నానికీ ఆ నమ్మకం సరిపోతుందేమో. కొత్త జిల్లాలు వచ్చాక అదే ఏడాది పాడేరు, పార్వతీపురం వంటి జిల్లా కేంద్రాలకు జనాభాతో నిమిత్తం లేకుండా 16 శాతం ఇచ్చారు. జనాభా ఒక్కటే కొలబద్ద కాదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. సంతోషం. కానీ ఫలితం చూడండి: పాడేరు కలెక్టరేట్‌లో 40,000 మూలవేతనం ఉన్న సీనియర్ అసిస్టెంటుకు అద్దె భత్యం 6,400 రూపాయలు. అదే మూలవేతనంతో, పాడేరు దాటి ఒడిశా సరిహద్దు వైపు ముంచంగిపుట్టులో పాఠం చెప్పే ఉపాధ్యాయురాలికి 4,000. నెలకు 2,400, ఏడాదికి 28,800 తేడా. పాడేరులో ఉన్నవారికి ఎక్కువిచ్చారని మా బాధ కాదు, వాళ్లూ మాతో పాటే ఈ సమావేశంలో కూర్చున్నారు. లోపలికి వెళ్లిన కొద్దీ భత్యం తగ్గే ఏర్పాటుకు అర్థమేమిటన్నదే ప్రశ్న.

ముంచంగిపుట్టులో అద్దె చవకేనా? అసలు అద్దెకు ఇల్లు దొరికితే కదా చెప్పేది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా 1/70 చట్టం అడ్డుగోడలా ఉంది. ఆ గోడ గిరిజనుల నేలకు కాపలా, దాన్ని ఒక్క ఇటుక కూడా కదపమని ఈ సమావేశం అడగదు, ఎవరు అడిగినా ఒప్పుకోదు. కానీ దాని మూలంగా ఇక్కడ అద్దెల కోసం ఇళ్లు కట్టే వ్యాపారం పెరగలేదన్నది వాస్తవం. బయటి నుంచి వచ్చిన గిరిజనేతర ఉద్యోగి సొంతిల్లు కట్టుకోలేడు, గృహరుణం తెచ్చుకోలేడు. ఉన్న నాలుగు పక్కా గదుల కోసం బ్యాంకువాళ్లు, టీచర్లు, ఇంజనీర్లు, పోలీసులు అందరూ పోటీ. అరకు, లంబసింగి వైపు ఇంకో చిక్కు వచ్చిపడింది. చలికాలంలో పొగమంచు చూడ్డానికి వచ్చేవాళ్లకు రోజువారీ లెక్కన గది ఇస్తే వచ్చే డబ్బు, నెలవారీ అద్దెకుండే ఏఎన్‌ఎం ఎక్కణ్నుంచి తెస్తుంది? డిసెంబరులో గది ఖాళీ చేయించి, మార్చిలో మళ్లీ రమ్మన్న ఇంటి యజమాని గురించి ఒక సభ్యురాలు చెప్పినప్పుడు హాల్లో నవ్వులు వినిపించాయి. నవ్వినవాళ్లలో సగం మందికి అదే అనుభవం.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఒక పీహెచ్‌సీలో పనిచేసే ఏఎన్‌ఎం తన ఖర్చుల నోట్‌బుక్ చదివి వినిపించారు. ఈ తీర్మానానికి మూలం నిజానికి ఆ నోట్‌బుక్కే. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్, అట్ట మీద పసుపు మరక. ప్రతి సంత రోజుకూ ఒక పేజీ. పేజీలో నాలుగు గడులు గీసుకున్నారు: సరుకు, దిగువ ధర, ఇక్కడి ధర, మోత. దిగువ ధర కోసం నర్సీపట్నంలో ఉన్న చెల్లెలికి ప్రతివారం ఫోను. సిగ్నల్ అందే మలుపు దాకా నడిచి వెళ్లి చేసే ఫోను అది. గ్యాస్ బండ పేరు ఒక్కటే మూడు వరసల్లో ఉంది. బండ ధర ఒక వరస, జీపు కిరాయి ఒక వరస, రోడ్డు నుంచి గెడ్డ దాటించి క్వార్టరు దాకా మోసినతనికి ఇచ్చింది ఇంకో వరస. జూలై, ఆగస్టు పేజీల్లో మోత గడి ఉబ్బిపోయి పక్క గడిలోకి వచ్చేసింది, వానల్లో గెడ్డ పొంగితే చుట్టూ తిరిగి రావాలి గనక. అక్టోబరులో ఒక పేజీ మొత్తం ఖాళీ. ‘బస్సు రాలేదు’ అని రెండు మాటలే రాసి ఉంది.

ఆ నోట్‌బుక్ నిజాయితీ కూడా సమావేశానికి నచ్చింది. కొన్ని సరుకుల దగ్గర ‘ఇక్కడ చవక’ అని ఆమే రాసుకున్నారు. రాజ్‌మా, కందులు, పసుపు, చింతపండు, సీజన్లో సీతాఫలం, సంతలో ఆకుకూరలు దిగువకంటే తక్కువకే వస్తాయి. కాబట్టి కొండ మీద అన్నీ ప్రియమే అని మేము అనడం లేదు, అంటే అబద్ధం. కొండ పండించింది చవక, కొండ ఎక్కింది ప్రియం. ఏది ఎంత అన్నది గొంతు చించుకుని చెబితే తేలేది కాదు, కొలిస్తేనే తేలుతుంది. సర్వే వల్ల మా కోరిక కొంత తగ్గినా మాకు సమ్మతమే.

ధరల్లో చేరని ఖర్చులు వేరే ఉన్నాయి. పిల్లల్ని హైస్కూలు దాటాక దిగువ ఊళ్లో ఉంచాలి, అంటే రెండు పొయ్యిలు, రెండు అద్దెలు. పెద్ద జబ్బు చేస్తే విశాఖో కాకినాడో రాజమండ్రో. హెల్త్ కార్డు ఉంది, చెల్లే ఆసుపత్రి ఘాట్ కింద ఉంది, అక్కడిదాకా వెళ్లే బండి కిరాయి కార్డులో లేదు. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం వైపు సభ్యులు గోదావరి సంగతి ఎత్తారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నది 71.3 అడుగులకు చేరినప్పుడు శబరి వెనక్కి తన్ని క్వార్టర్లు, అద్దె ఇళ్లు మునిగాయి. జనానికి వరద సాయం పంచింది ఈ ఉద్యోగులే. తమ ఇంటి బీరువా, మంచం, పిల్లల పుస్తకాలు ఏ పద్దులో రాయాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఏజెన్సీ అలవెన్సు ఉంది కదా అంటారు. ఉంది. స్లాబుల్లో, రూపాయల్లో ఉంది. ఒక స్లాబు లోపల మూలవేతనం పెరిగినా, డీఏ పెరిగినా అది ఉన్నచోటే ఉంటుంది. కొత్త వేతన సవరణ (పీఆర్సీ) వస్తే కదులుతుంది, మళ్లీ పీఆర్సీ దాకా నిద్రపోతుంది. ఈ విషయంలో కేంద్రం కొంత మెరుగు. 7వ వేతన సంఘం తర్వాత 2017 జూలై 1 నుంచి పాత మారుమూల ప్రాంత భత్యం, చెడు వాతావరణ భత్యం, గిరిజన ప్రాంత భత్యం లాంటివన్నీ కలిపి ‘టఫ్ లొకేషన్ అలవెన్సు’గా మూడు తరగతులు చేశారు. అప్పట్లో మొదటి తరగతి ప్రాంతాల్లో 9వ లెవెల్, ఆపైన ఉన్నవారికి నెలకు 5,300, కింది లెవెళ్లకు 4,100. మూడో తరగతిలో 1,200, 1,000. గిరిజన ప్రాంతాలు పడింది ఈ మూడో తరగతిలోనే, అది మాకు నచ్చని సంగతి. కానీ డీఏ 50 శాతానికి చేరినప్పుడల్లా ఈ రేట్లు 25 శాతం పెరుగుతాయన్న నియమం మాత్రం మంచిది. 2024 జనవరిలో డీఏ 50 శాతం అయినప్పుడు ఆ పెంపు వచ్చింది. ఈశాన్య రాష్ట్రాల్లోని కేంద్ర ఉద్యోగులకైతే ప్రత్యేక విధుల భత్యం మూలవేతనం మీద 10 శాతం, అంటే జీతంతో పాటు పెరిగేదే. మన రాష్ట్రంలోనూ, పక్కన ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం వైపు తెలంగాణ ఏజెన్సీలోనూ రూపాయల స్లాబులు పట్టుకు వేలాడాల్సిన పని లేదు.

సమావేశంలో ఒక లెక్చరర్ అలాస్కా ఉదాహరణ చెప్పారు. మొదట కొందరు విసుక్కున్నా, విన్నాక మినిట్స్‌లో చేర్చమన్నారు. అమెరికా ప్రభుత్వం అలాస్కా, హవాయి లాంటి దూర ప్రాంతాల్లో తన ఉద్యోగులకు 1948 నుంచి జీవన వ్యయ భత్యం ఇచ్చింది. అక్కడి ధరల్ని రాజధాని వాషింగ్టన్ ప్రాంతపు ధరలతో సర్వే చేసి పోల్చి, తేడాను బట్టి, 25 శాతం మించకుండా ఇచ్చేవారు. మేమడిగే పద్ధతి కూడా అదే, వాషింగ్టన్ చోట విశాఖ అనుకుంటే సరి. ఆ భత్యంలో ఒక లోపం ఉండేది. అది పింఛను లెక్కలోకి వచ్చేది కాదు. బతుకంతా మంచులో పనిచేసినవారు రిటైరయ్యేసరికి ఎక్కువ జీతం తీసుకున్న ఆనవాలే లేకుండా పోయేది. 2009లో చట్టం చేసి, దాన్ని క్రమంగా పింఛనుకు లెక్కయ్యే ప్రాంతీయ వేతనంగా మార్చారు. ఏజెన్సీలో ఇరవై ఏళ్లు చేసి రిటైరైన మా సీనియర్లు ఈ ముక్క దగ్గర తలలు ఊపారు.

మా ఇంటి గుట్టు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఏజెన్సీ అలవెన్సు తీసుకుంటూ నర్సీపట్నంలోనో విశాఖలోనో కాపురం ఉండి, సోమవారం ఆలస్యంగా వచ్చి శుక్రవారం ముందుగా దిగిపోయేవాళ్లు మాలో ఉన్నారు. ఎంతమందో లెక్క తీయలేదు గానీ, ఉన్నారన్నది ఊళ్లో పిల్లలకు సైతం తెలుసు. అలాంటివారి వల్లే గట్టిగా అడగాల్సిన చోట మా గొంతు నీరసపడుతోంది. ఉండని ఊరికి జీవన వ్యయం అడగడం న్యాయం కాదని ఈ సమావేశం ఒప్పుకుంటోంది. ఈ వాక్యం తీసేయమని వచ్చిన సవరణ ఓటింగులో వీగిపోయింది.

మరో వాదన స్థానిక గిరిజన ఉద్యోగుల గురించి. సొంతూళ్లో, సొంతింట్లో ఉండేవారికి ఈ భత్యం ఎందుకని ఒకరిద్దరు అడిగారు. దానికి హుకుంపేట నుంచి వచ్చిన ఒక టీచరమ్మ ఇచ్చిన జవాబు చిన్నది: ‘నా గ్యాస్ బండ మీ బండకంటే తేలికగా కొండెక్కుతుందా?’ షెడ్యూల్డ్ ప్రాంత ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసిన దగ్గర్నుంచి, స్థానికులు తమ ఊళ్లోనే ఉద్యోగం దొరకడం గురించి దిగులుగా ఉన్నారు. ఆ దిగులు మీద భత్యం తేడా కూడా పెట్టడం సమావేశానికి సమ్మతం కాదు. ధర ఊరిని బట్టి ఉంటుంది, కొనేవాడి కులాన్ని బట్టీ పుట్టిన చోటును బట్టీ ఉండదు.

పై విషయాలన్నీ గమనించి, ఈ సమావేశం కింది విధంగా తీర్మానిస్తోంది

1. ముందుగా కొలత. రాష్ట్ర అర్థగణాంక శాఖ ద్వారా షెడ్యూల్డ్ ప్రాంత మండలాల్లో ధరల సర్వే జరిపించాలి. ఒకే సరుకుల పట్టికను విశాఖపట్నంలోనూ, మండల కేంద్రంలోనూ, వారపు సంతలోనూ, రోడ్డు ఆగిపోయిన చోటు దాటి ఉన్న కనీసం ఒక ఊళ్లోనూ ధర కట్టాలి. జీపు కిరాయి, మోత కూలి సరుకు ధరలో భాగంగానే లెక్కవేయాలి. సర్వే ఏడాదికి ఒక్కసారి, అదీ రోడ్లు బాగుండే జనవరిలో చేస్తే అది సర్వే కాదు, విహారయాత్ర. వానల్లో ఒకసారి, చలికాలంలో ఒకసారి, ఎండల్లో ఒకసారి చేయాలి. ఫలితాన్ని ఊరి పేరుతో సహా ప్రకటించాలి.

2. ఆ కొలతను బట్టి మూలవేతనం మీద శాతంగా ‘ప్రాంతీయ జీవన వ్యయ భత్యం’ ఇవ్వాలి. మండల కేంద్రాలు ఒక తరగతి, అన్ని కాలాల్లో బస్సు తిరిగే ఊళ్లు ఒక తరగతి, బస్సు ఆగి నడక మొదలయ్యే ఊళ్లు ఒక తరగతి. మూడో తరగతికి ఎక్కువ రావాలి. ఇప్పటి ఏజెన్సీ అలవెన్సు కష్టానికి ఇచ్చేది, ఇది ఖర్చుకు ఇచ్చేది, ఒకదాన్ని చూపి ఇంకోదాన్ని మింగరాదు. శాతం ఎంతన్నది సర్వే చెప్పాలని, సమావేశం ఉద్దేశపూర్వకంగానే అంకె రాయలేదు. ఒక సంఖ్య వేసి బేరానికి దిగుదామన్న సూచన వచ్చింది, ఒప్పుకోలేదు.

3. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఇంటద్దె భత్యానికి జనాభా కొలబద్దను ఎత్తివేసి, పాడేరుకు ఇస్తున్న 16 శాతాన్ని అన్ని ఊళ్లకూ కనీస రేటు చేయాలి. దీనికి సర్వే దాకా ఆగాల్సిన పని లేదు, ఒక్క సవరణ జీవో చాలు. దాంతో పాటు, గదులే లేని చోట ఎంత శాతం ఇచ్చినా గోడలు మొలవవు కాబట్టి, పీహెచ్‌సీలు, ఆశ్రమ పాఠశాలల ఆవరణల్లో శిథిలమైన క్వార్టర్లను బాగుచేయించాలి.

4. ప్రాంతీయ భత్యం పనిచేసే మండలంలో కాపురం ఉన్నవారికే ఇవ్వాలి. ఉన్నారో లేదో గ్రామసభ, పాఠశాల తల్లిదండ్రుల కమిటీ చెప్పగలవు, యాప్‌లో ముఖం చూపించడంకంటే అది నిక్కమైన హాజరు. పైగా ఆ యాప్‌కు సిగ్నల్ కావాలి. క్వార్టరూ గదీ రెండూ దొరకక బయట ఉంటున్నట్టు నిరూపించుకున్నవారికి 3వ అంశం అమలయ్యేదాకా మినహాయింపు ఉండాలి. ఈ అంశం మీద చేతులెత్తి ఓటు తీసుకోగా మెజారిటీతో ఆమోదం పొందింది. వ్యతిరేకించినవారి అభ్యంతరాన్ని మినిట్స్‌లో నమోదు చేశాం.

5. కాంట్రాక్టు రెసిడెన్షియల్ టీచర్లు, అవుట్‌సోర్సింగ్ స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, డ్రైవర్లు, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు కూడా ఇదే సంతలో ఇదే ధరకు కొంటున్నారు, అదీ డీఏ కూడా లేకుండా. వారికి ఆయా తరగతిలోని అతి తక్కువ స్కేలు ఉద్యోగికి వచ్చే భత్యంతో సమానమైన మొత్తం ఇవ్వాలి. రెగ్యులర్ వాళ్లకు వచ్చి తమకు రాకపోతే ఏం చేస్తారని అధ్యక్షవర్గం అడిగినప్పుడు, వెనక బెంచీల నుంచి ఒకావిడ ‘ఎప్పట్లాగే చేస్తాం’ అన్నారు. ఆ మాట తర్వాత ఈ అంశం మీద చర్చ అక్కర్లేకపోయింది.

6. ఏజెన్సీలో పదేళ్లకు తగ్గకుండా పనిచేసినవారికి ప్రాంతీయ భత్యాన్ని పింఛను లెక్కలో కలపాలి. కాంట్రిబ్యూటరీ పింఛను పథకం (సీపీఎస్)లో ఉన్నవారి విషయంలో ప్రభుత్వ వాటాను ఈ భత్యం మీద కూడా జమచేయాలి.

7. అత్యవసర వైద్యం కోసం ఘాట్ దిగేందుకు అయిన వాహన ఖర్చును మెడికల్ రీయింబర్స్‌మెంటులో చేర్చాలి. వరద ముంపు మండలాల్లో విధుల్లో ఉండగా ఇల్లు మునిగిన ఉద్యోగికి సామాను నష్టం కింద వడ్డీ లేని అడ్వాన్సు ఇవ్వాలి, అది జీతాల బిల్లులు చేసే అధికారి (డీడీవో) స్థాయిలోనే మంజూరు కావాలి.

8. ధరల సర్వేను ఉద్యోగుల జీతాలకే పరిమితం చేయరాదు. మాకు నెల తిరిగేసరికి జీతం పడుతుంది, మేము కొనే దుకాణంలోనే కొనే గిరిజన కుటుంబానికి ఆ ఆసరా లేదు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ, అదే మన జీసీసీ, డీఆర్ డిపోల ద్వారా నిత్యావసరాలు అమ్ముతోంది. సర్వేలో ఏ ఊళ్లో ఏ సరుకు మరీ ప్రియంగా తేలితే, ఆ డిపోలో ఆ సరుకు దిగువ ధరకు ఉండేట్టు రవాణా ఖర్చును ప్రభుత్వం భరించాలి. అలా చేస్తే మా భత్యం శాతం తగ్గుతుందని కోశాధికారి హెచ్చరించారు. తగ్గితే తగ్గనీ అని సమావేశం తీర్మానించింది.

9. ఈ తీర్మానాన్ని ముఖ్యమంత్రికి, ఆర్థిక శాఖకు, గిరిజన సంక్షేమ శాఖకు, తదుపరి వేతన సవరణ సంఘానికి, ఐటీడీఏ ప్రాజెక్టు అధికారులకు, ఏజెన్సీ నియోజకవర్గాల ఎమ్మెల్యేలకు పంపాలి. తెలంగాణ ఏజెన్సీలో పనిచేస్తున్న మిత్రులకూ ఒక ప్రతి పంపాలి.

10. సర్వే మొదలయ్యేదాకా ఊరుకోకుండా, ప్రతి మండలం నుంచి ఇద్దరు సభ్యులు పైన చెప్పిన నోట్‌బుక్ పద్ధతిలో సంత ధరలు రాయడం వచ్చే సంత నుంచే ప్రారంభించాలి. గడులు అవే నాలుగు: సరుకు, దిగువ ధర, ఇక్కడి ధర, మోత. చవకగా వచ్చినవి కూడా రాయాలి. గుర్తేడు వైపు రాసేవారు ఇంకా ముందుకు రాలేదు, వారం లోపల పేర్లు ఇవ్వాలని ఆ ప్రాంత ప్రతినిధుల్ని కోరాం.

తీర్మానానికి అనుబంధంగా ఏఎన్‌ఎం గారి నోట్‌బుక్‌లో జూన్ నుంచి నవంబరు దాకా పేజీల జిరాక్సు జతపరుస్తున్నాం. ఖాళీగా ఉన్న అక్టోబరు పేజీని కూడా తీసేయకుండా ఉంచాం. అసలు నోట్‌బుక్ జతచేయలేదు. శుక్రవారం సంత ఉంది, అది తనకు కావాలని ఆవిడ తీసుకెళ్లారు.